బోరు నీళ్లతో కడిగితే ట్రావెలర్ నిండా తెల్ల మచ్చలు, ఏం చేయాల?

రుద్రంపేట_ట్రావెలర్
మాది 17 సీట్ల టెంపో ట్రావెలర్, ముదురు గ్రే రంగు. అనంతపురంలో రుద్రంపేట దగ్గర ఇల్లు. నెలన్నర నుంచి బండి ఇంటి ముందరే కడుగుతా ఉన్నా. కడిగేటప్పుడు బాగా మెరుస్తాది. లోపలికి పోయి టీ తాగి వచ్చేలోగా పైనుంచి కిందిదాకా తెల్ల చుక్కలు, ముగ్గుపిండి చల్లినట్ల. కిటికీ అద్దాలైతే మరీ అన్యాయం. ఎండ పడితే లోపల కూర్చున్నోళ్లకు బయట ఏమీ కనపడదు. షాంపూ మార్చినా, గుడ్డ మార్చినా, చివర్లో మూడుసార్లు నీళ్లు కొట్టినా. ఎక్కువ నీళ్లు కొట్టే కొద్దీ మచ్చలు ఎక్కువైనట్లే ఉంది. వచ్చే ఆదివారం పెండ్లోళ్లను తిరుపతికి తీసుకుపోవాల. బండి చూసినాకనే బేరం మాట్లాడతారు జనం. తెలిసినోళ్లు చెప్పండి.

గుత్తి_కోట
ఎన్ని గంటలకు కడుగుతావు? యాడ నీళ్లు?

రుద్రంపేట_ట్రావెలర్
పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిది అప్పుడు. ఇంటి బోరు. 600 అడుగులు.

గుత్తి_కోట
ఏప్రిల్ నెల, అనంతపురం, తొమ్మిది గంటలు. పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుయ్‌మని ఎట్ల పోతాయో, రేకు మీద అట్ల పోతాయబ్బా. తెల్లారకముందే కడుగు, సగం బాధ పోతాది.

ధర్మవరం_పట్టు
నాకూ ఇదే రోగం, నల్ల స్కార్పియో. నల్ల బండి కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

కడప_కారం
తెల్ల బండి కొనాల్సింది, అంతే. మచ్చా ఉండదు, మాటా ఉండదు.

రుద్రంపేట_ట్రావెలర్
@కడప_కారం అద్దాలు కూడా తెల్లవి వేయించమంటావా అన్నా?

కెమిస్ట్రీ_మేడం
రేకుకు ఎంత వేడి ఉందన్నది రెండో సంగతి. మొదటిది నీళ్లలో ఏముందన్నది. మీ ఇంట్లో ఎయిర్ కూలర్ ఉంటే ఇప్పుడే లేచి వెనక గడ్డి చూడండి. బోరు నీళ్లు పోసిన కూలర్ గడ్డి ఒక్క ఎండాకాలంలో తెల్లగా, గట్టిగా, గిల్లితే పొడి రాలేట్టు అవుతుంది. మీ బండి మీద పడేది అదే పొడి.

వాన నీళ్లు మట్టిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను కలుపుకొని రవ్వంత పులుపెక్కుతాయి. ఆ పులుపు నీళ్లు కింద రాళ్లలోని సున్నాన్ని కరిగించుకుంటాయి. అది కాల్షియం బైకార్బనేట్‌గా నీళ్లలో కంటికి కనపడకుండా ఉంటుంది. చుక్క ఆరినప్పుడు గ్యాస్ గాల్లోకి పోతుంది, నీరు ఆవిరైపోతుంది, కాల్షియం కార్బనేట్ మిగులుతుంది. అంటే మళ్లీ సున్నపురాయే. బెలుం గుహలకు పోయినవాళ్లు పైనుంచి వేలాడే రాళ్లు చూసే ఉంటారు. ఆ రాళ్లు పుట్టడమూ ఇలాగే, కాకపోతే అక్కడ వేల ఏళ్లు పట్టింది, మీ అద్దం మీద పది నిమిషాలు. ఒకసారి రాయి అయ్యాక దాన్ని అవే నీళ్లతో ఎంత కడిగినా కరగదు. మూడుసార్లు నీళ్లు కొడితే మచ్చలు పెరిగాయన్నారు కదా, పెరగవు మరి? ప్రతిసారీ కొత్త సున్నం పోస్తున్నారు.

మచ్చను దగ్గరగా చూడండి. నడిమధ్య పలచగా, అంచు చుట్టూ మందంగా చేతి గాజు వేసినట్టు ఉంటుంది. చుక్క ఆరేటప్పుడు ఉప్పంతా అంచుకు చేరుతుంది.

రుద్రంపేట_ట్రావెలర్
ఇప్పుడే టార్చి పట్టుకొని చూసొచ్చినా. కరెక్టుగా గాజు మాదిరే ఉంది మేడం. గోరుతో గీకితే గరుకు తగులుతా ఉంది.

టవర్‌క్లాక్_సెంటర్
టీడీఎస్ మీటర్ ఒకటి తెచ్చుకో. పెన్ను అంత ఉంటాది, గ్లాసులో ముంచితే లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పులు కరిగినాయో నంబరు చూపిస్తాది. ఊహలెందుకు?

రుద్రంపేట_ట్రావెలర్
పక్కింట్లో ఆర్ఓ పెట్టినోళ్ల దగ్గర ఉంటే అడిగి తెచ్చి ముంచినా. 1140.

కెమిస్ట్రీ_మేడం
అంటే లీటరు నీళ్లలో 1.14 గ్రాముల కరిగిన ఉప్పులు. కడిగాక బండి మీద, సందుల్లో కలిపి రెండు లీటర్లు నిలిచాయనుకున్నా రెండు గ్రాముల పైన పొడి. పలచగా పరిస్తే బండంతా కనపడుతుంది. తాగే నీళ్లకు బీఐఎస్ ప్రమాణం 500 లోపు. వేరే దారి లేని చోట 2000 వరకు ఒప్పుకుంటారు. తాగడానికి పనికొచ్చే నీళ్లన్నీ అద్దం మీద ఆరడానికి పనికిరావు.

కొండారెడ్డి_బురుజు
మా కర్నూల్లో కొళాయికి తుంగభద్ర నీళ్లు. మా ఇంట్లో మీటరు పెడితే రెండొందల చిల్లర. బండి ఆరబెట్టి మర్చిపోయినా ఇంత ఘోరంగా ఉండదు. మీకూ మున్సిపల్ నీళ్లు వస్తాయి గదా, అవి పట్టి పెట్టుకో.

ఉరవకొండ_మగ్గం
ఒక మాట అడగాల. తాగే నీళ్ల కోసం జనం బిందెలు వరసలో పెట్టిన జిల్లా మనది. మున్సిపల్ నీళ్లు పట్టి బండికి పోయమంటారా? మా అమ్మ రెండు కిలోమీటర్లు నడిచి నీళ్లు మోసింది. సత్యసాయి నీళ్ల పథకం వచ్చినాకనే మా ఊర్లో ఆడోళ్ల నడుములు నిలబడినాయి. పైపు వదిలేసి బండి కడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతాది.

కొండారెడ్డి_బురుజు
నేను పైపు వదలమనలేదు సామీ, ఒక బకెట్ పట్టి పెట్టుకోమన్నా.

రుద్రంపేట_ట్రావెలర్
@ఉరవకొండ_మగ్గం నువ్వన్నది నిజమే అన్నా. ఇన్నాళ్లు మోటారేసి పైపుతోనే కడిగినా. తక్కువ నీళ్లతో అయ్యే దారి ఉంటే అదే కావాల నాకు.

నంద్యాల_లారీ
మేము లారీ కడిగినాక డీజిల్‌లో పాత ఇంజన్ ఆయిల్ కలిపి స్ప్రే కొట్టిస్తాం. నల్లగా నిగనిగలాడతాది. మచ్చ అనేదే రాదు.

కాలేజీ_బస్సు_18ఏండ్లు
@నంద్యాల_లారీ మచ్చ రాదు గాని రబ్బరు బుష్షులు ఉబ్బి మెత్తబడతాయి. డీజిల్‌కు, రబ్బరుకు పడదు. దాని మీద దుమ్ము వచ్చి కరుచుకుంటాది. పెండ్లి బట్టల్లో వచ్చే జనం బండికి ఆనుకుంటే పట్టుచీరకు ఎవరు జవాబు చెప్తారు?

ధర్మవరం_పట్టు
పట్టుచీర మాట ఎత్తితే నేను మధ్యలోకి రావాల్సిందే. డీజిల్ మరక పోదు, పోదు, పోదు.

గుత్తి_కోట
వాటర్ సాఫ్టెనర్ పెట్టించుకో. మా బావ అపార్ట్‌మెంట్లో ఉంది. మచ్చలు పోయినాయంటాడు.

టవర్‌క్లాక్_సెంటర్
సాఫ్టెనర్ పెట్టినాక టీడీఎస్ చూడమను. ముందెంతో తర్వాతా అంతే ఉంటాది.

గుత్తి_కోట
అట్లెట్ల? మరి మచ్చలు తగ్గినాయి గదా?

కెమిస్ట్రీ_మేడం
ఇద్దరి మాటా నిజమే. సాఫ్టెనర్ కాల్షియం, మెగ్నీషియం తీసుకొని వాటి బదులు సోడియం ఇస్తుంది. ఉప్పు మొత్తం తగ్గదు, జాతి మారుతుంది. ఆరితే మచ్చ పడుతుంది, కానీ అది సోడియం మచ్చ కాబట్టి తడిగుడ్డ తగిలితే కరిగిపోతుంది. ఆర్ఓ అయితే ఉప్పునే చాలావరకు వెనక్కి తోసేస్తుంది. డీఅయోనైజ్డ్ నీళ్లు, బ్యాటరీలో పోసే నీళ్లు, వీటిలో దాదాపు ఏమీ ఉండదు, తుడవకుండా వదిలేసినా మచ్చ రాదు. కానీ ట్రావెలర్ మొత్తానికి బ్యాటరీ నీళ్లంటే ఖర్చు భరించలేరు.

ఒక హెచ్చరిక. ఇంట్లో ఆర్ఓ మిషన్ పారబోసే నీళ్లతో బండి కడుగుతామని చాలామంది గర్వంగా చెబుతారు. మొదటి సబ్బు కడుగుకు, చక్రాలకు వాడుకోండి, నీళ్లు పొదుపవుతాయి. ఆఖరి నీళ్లుగా మాత్రం వద్దు. మిషన్ వద్దన్న ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

ధర్మవరం_పట్టు
అయ్యో మేడం. మూడు నెలల నుంచి అవే ఆఖర్న పోస్తున్నా నేను.

కడప_కారం
ఏసీ నుంచి కారే నీళ్లు? అవి చప్పగా ఉంటాయి గదా.

టవర్‌క్లాక్_సెంటర్
మంచివే, ఆవిరి చల్లబడి వచ్చినవి కాబట్టి. కానీ అవి గాలిలో తేమ నుంచే రావాల. మన పొడి ఎండల్లో రాత్రంతా పెట్టినా బకెట్ నిండదు. వానాకాలంలో అయితే పట్టుకోవచ్చు, పలచని గుడ్డలో వడగట్టాల.

శెనక్కాయ_రైతు
నా పద్ధతి చెప్తా. పొలంలో మందు కొట్టే వీపు స్ప్రేయర్ ఉంది గదా, 16 లీటర్లది. అట్లాంటిది కొత్తది ఒకటి కొని బండికే పెట్టుకున్నా. నీళ్ల ప్లాంటులో 20 లీటర్ల క్యాన్ పట్టుకొచ్చి దాంట్లో పోస్తా. సబ్బు కడుగు మామూలు నీళ్లతో బకెట్, మగ్గు. ఆఖరికి స్ప్రేయర్‌తో పైనుంచి కిందికి సన్నగా కొట్టుకుంటా వస్తా. మంచి నీళ్లు బోరు నీళ్లను కిందికి తోసేస్తాయి. నా బొలెరోకు పది లీటర్లు కూడా పట్టవు. పైపుతో కొడితే వందల లీటర్లు పోతాయి, దీంట్లో సన్నటి తుంపర గాబట్టి చుక్క వేస్టు గాదు.

పొలంలో వాడిన స్ప్రేయర్ మాత్రం ఎంత కడిగినా తేవద్దు. గడ్డిమందు వాసన పోదు, మీ ఇంట్లో పిల్లోళ్లు బండి మీద చెయ్యి పెడతారు.

ఉరవకొండ_మగ్గం
ఇది బాగుంది. పది లీటర్లంటే నేనూ ఒప్పుకుంటా.

రుద్రంపేట_ట్రావెలర్
శెనక్కాయ అన్నా, నీకు దండం. మా సందు చివర్లో ప్లాంటు నీళ్లు మీటర్లో చూసినా, 58 ఉంది.

కాలేజీ_బస్సు_18ఏండ్లు
నీళ్ల సంగతి తేలింది గాబట్టి ఇప్పుడు చెయ్యి సంగతి చెప్తా. పద్దెనిమిదేండ్లుగా కాలేజీ బస్సు నడుపుతున్నా, కడిగేది కూడా నేనే.

పెద్ద బండిని కారు మాదిరి కడగకూడదు. కారంతా తడిపి, అంతా సబ్బు పెట్టి, అంతా కడిగి తుడిచినా నడుస్తాది. ట్రావెలర్‌కు అట్ల చేస్తే నువ్వు వెనక తలుపు దగ్గరికి పోయేసరికి ముందర బానెట్ ఎండిపోయి ఉంటాది. ముక్కలుగా పోవాల. ముందు చక్రాలు, వాటికి బకెట్టూ బ్రష్షూ వేరే. ఆ బకెట్ బాడీ దగ్గరికి రాకూడదు, బ్రేకు దుమ్ము ఇనప రజను, గీతలు పడతాయి. తర్వాత పైకప్పు. స్టూలు చాలదు, రెండు పక్కలా కాళ్లుండే నిచ్చెన కావాల, కింద ఒకరు పట్టుకోవాల. కప్పు మీద నీళ్లు పూర్తిగా కారేదాకా పక్కలు ముట్టుకోవద్దు. కారతానే ఉంటే నువ్వు తుడిచిందంతా మళ్లీ తడుస్తాది.

అప్పుడు ఎడమ పక్క ముందు సగం. మగ్గుతో తడిపి దుమ్ము జారనీ, సబ్బు పైనుంచి కిందికి, నీళ్లు, ఆఖరి మంచి నీళ్లు, తుడుపు. ఇదంతా అయినాకనే వెనక సగం. సబ్బు నీళ్లు కూడా బండి మీద ఆరకూడదు, అవీ మచ్చే. బట్టల సబ్బుపొడి వాడొద్దు, పాలిష్ లాగేస్తాది.

తుడిచేటప్పుడు రుద్దకూడదు. పెద్ద మైక్రోఫైబర్ గుడ్డ, తువ్వాలంత సైజు, రెండు కొసలు పట్టుకొని గోడకు దుప్పటి ఆరేసినట్ల రేకు మీద పరిచి మెల్లగా కిందికి లాగు. నీళ్లు గుడ్డే తాగుతాది. వెనకాలే ఇంకొక పొడి గుడ్డ. తడిగుడ్డ బరువెక్కితే పిండాల, లేకపోతే నీళ్లను ఇక్కడ్నుంచి అక్కడికి పూసినట్లయితాది. అద్దాలకు సిలికాన్ వైపర్ వాడొచ్చు, కొత్తదైతేనే. ఇంట్లో బండలు లాగే వైపర్ తెచ్చినావంటే ఇసుక రేణువుతో అద్దం నిండా గీతలు.

కడప_కారం
మా నాయన పాత నూలు పంచెతో తుడుస్తాడు. ఇరవై ఏండ్లుగా అదే. మైక్రోఫైబరూ లేదు, ఏమీ లేదు. కారు అద్దం మాదిరి ఉంటాది.

కాలేజీ_బస్సు_18ఏండ్లు
పాత పంచె నీళ్లు బాగానే తాగుతాది, ఒప్పుకుంటా. అద్దాలకు నేనూ అదే. రేకుకు మాత్రం కాదు. నూలులో దుమ్ము పైనే ఉండి రుద్దుకుంటాది, మైక్రోఫైబర్లో పోగుల లోపలికి పోతాది.

కడప_కారం
మా నాయనకు ఈ మాట చెప్తే ఇంట్లోకి రానియ్యడు.

కాలేజీ_బస్సు_18ఏండ్లు
చెప్పొద్దులే, నాయనకు నా నమస్కారం చెప్పు. 🙂 అసలు మాట ఒకటి మిగిలింది. తుడవడం అయిపోయిందని గుడ్డ ఆరేయొద్దు. ట్రావెలర్ కప్పు అంచున వాన నీళ్లు పోయే గాడి ఉంటాది, అద్దాల చుట్టూ రబ్బరు బీడింగు ఉంటాది, సైడు మిర్రర్ల లోపల, డోర్ హ్యాండిళ్ల వెనక, నంబరు ప్లేటు వెనక. అన్నిట్లో నీళ్లు దాక్కుంటాయి. బండి స్టార్ట్ చేసి సందు చివరిదాకా పోయి రెండుసార్లు బ్రేకు కొట్టు. గాడిలోంచి నీళ్లు బళుక్కున ముందు అద్దం మీద పడతాయి. అవి తుడిస్తే అప్పుడు అయినట్లు.

నంద్యాల_లారీ
టైరు షాపులో కంప్రెసర్ గాలి కొట్టించినా సందుల్లో నీళ్లు పోతాయి. మా పిల్లోడు అట్లే చేస్తాడు.

తాడిపత్రి_బండలు
మా పక్క ఇంకో గోస ఉంది. సిమెంటు ఫ్యాక్టరీల దారి, బండల పాలిష్ మిషన్ల దుమ్ము. బండి మీద సిమెంటు పొడి ఉన్నప్పుడు తడిగుడ్డ పెట్టి ఊరికే తుడిస్తే పని అయిపోయినట్లే, తడిస్తే అది గట్టిపడతాది గదా. ఎర్రగుంట్ల దారిలో తిరిగే బండ్లు చూడండి, ముందర అద్దం కింద బూడిద రంగు పెచ్చు. మేము ముందు గాలి కొట్టి పొడిగా దులుపుతాం, తర్వాత ధారాళంగా నీళ్లు. నీళ్లు పొదుపు చేయకూడని చోటు ఇదొక్కటే.

రుద్రంపేట_ట్రావెలర్
అన్నీ రాసుకున్నా. ఇప్పుడు ఆల్రెడీ పడిపోయిన మచ్చలు ఎట్ల పోతాయి? యాసిడ్ కొట్టమంటున్నాడు ఒకాయన.

ధర్మవరం_పట్టు
వద్దు వద్దు వద్దు. నా అల్లాయ్ వీల్స్ అట్లే పోయినాయి. ఒక వాషింగ్ సెంటర్లో మచ్చలు తీస్తామని బాత్రూం యాసిడ్ నీళ్లలో కలిపి కొట్టినారు. నేను పక్కన ఫోన్లో ఉన్నా. చూసేసరికి చక్రం మీద బుడగలు, తర్వాత బూజు పట్టినట్ల తెల్లగా పాలిపోయింది. నాలుగు చక్రాలూ మళ్లీ పెయింటు కొట్టించినా. ఇప్పటికీ చూస్తే కడుపు మండుతాది.

కెమిస్ట్రీ_మేడం
బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దానికి సున్నమూ, చక్రాల్లోని అల్యూమినియమూ రెండూ ఒకటే, రెంటినీ తింటుంది. తెల్ల వెనిగర్ చాలు. సగం వెనిగర్, సగం నీళ్లు. నీడలో, చల్లటి రేకు మీద. గుడ్డ తడిపి మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచండి, రుద్దొద్దు, తర్వాత మంచి నీళ్లతో కడిగి తుడవండి. ఇత్తడి బిందెకు చింతపండు పూసేది కూడా ఆమ్లం కోసమే, కానీ చింతపండు పిప్పి పెయింటు మీద గీతలు పెడుతుంది, అది బిందెలకే ఉండనివ్వండి. వెనిగర్ కొట్టిన చోట వ్యాక్స్ కూడా పోతుంది, మళ్లీ పట్టించాలి.

వెనిగర్‌కు రెండుసార్లకూ పోకపోతే అది సున్నం కాదు. మన అనంతపురం వైపు రాతినేల, నీళ్లలో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, కూడా ఉంటుంది. దానికి వెనిగర్ పని చేయదు. గోరుకు గరుకు తగిలితే పైన పొర ఉన్నట్టు. నున్నగా ఉండి కూడా మచ్చ కనపడితే అది అద్దాన్నే కొద్దిగా తినేసినట్టు. అద్దాలకు సీరియం ఆక్సైడ్ పొడి నీళ్లలో కలిపి ఫెల్టు గుడ్డతో పాలిష్ పడతారు. అద్దాల షాపువాళ్లకు తెలుసు.

రుద్రంపేట_ట్రావెలర్
శుక్రవారం కడిగినా, చెప్తా వినండి. పొద్దున నాలుగున్నరకు మొదలుపెట్టినా, మా తమ్ముడు నిచ్చెన పట్టుకున్నాడు. సబ్బు కడుగుకు బోరు నీళ్లు తొమ్మిది బకెట్లు. ఇదివరకు మోటారు ముక్కాలు గంట ఆడేది. ఆఖరికి ప్లాంటు నీళ్లు ఒక క్యాన్, ఇంకో అర క్యాన్. కొత్త స్ప్రేయర్ కొన్నా. ముక్కలుగానే పోయినా. ఆరున్నరకు ఎండ గోడ దాటి వచ్చేసరికి కుడి పక్క వెనక సగం ఒక్కటే మిగిలింది.

బ్రేకు కొట్టినప్పుడు బస్సన్న చెప్పినట్లే బళుక్కున ఒక చెంబుడు నీళ్లు పడినాయి ముందర. మా తమ్ముడు గట్టిగా నవ్వినాడు.

ఎండలో పెట్టి గంట తర్వాత చూసినా. ఎడమ పక్క ఒక్క చుక్క లేదు. పైకప్పు నేనెక్కి చూసినా, బాగుంది. కుడి పక్క వెనక లైటు కింద మాత్రం నాలుగు వేళ్లంత పొడుగు తెల్ల చార. అంతా బాగా తుడిచినా గదా, యాడ తప్పినా?

కాలేజీ_బస్సు_18ఏండ్లు
లైటు చుట్టూ రబ్బరు ఉంటాది, దాని వెనక నీళ్లు. గుడ్డ కొస చుట్టి సందులో దూర్చి ఒత్తి పట్టు. ఎండ వచ్చినాక చేసిన పక్క కూడా అదే గదా.

రుద్రంపేట_ట్రావెలర్
అవునన్నా, అదే పక్క. వెనిగర్ గుడ్డ పెడితే చార రెండు నిమిషాల్లో పోయింది. అద్దాల్లో ఎడమ పక్క మూడోది మాత్రం మబ్బుగానే ఉంది, గోరుకు నున్నగా తగులుతాది. మేడం చెప్పిన రకమే.

గుత్తి_కోట
వ్యాక్స్ పట్టించినావా? వ్యాక్స్ ఉంటే నీళ్లు ముత్యాల మాదిరి జారిపోతాయి, మచ్చే రాదు.

కాలేజీ_బస్సు_18ఏండ్లు
ముత్యాలు జారితే సరే. జారక నిలబడిన ముత్యం ఎండలో ఆరితే గుండ్రంగా మచ్చ ఇంకా గట్టిగా కూర్చుంటాది. వ్యాక్స్ ఉన్నా తుడవాల్సిందే. తుడిచేది సులువైతాది, అంతే.

టవర్‌క్లాక్_సెంటర్
సెరామిక్ కోటింగ్ చేయించినోళ్లకూ ఇదే మాట. కోటింగ్ మీద కూడా బోరు నీళ్ల మచ్చలు పడతాయి, నా కారు సాక్ష్యం.

ఉరవకొండ_మగ్గం
తొమ్మిది బకెట్లు, ఒకటిన్నర క్యాను. రాసి పెట్టుకుంటున్నా. మా ఊర్లో స్కూలు బస్సోళ్లకు చూపిస్తా.

రుద్రంపేట_ట్రావెలర్
తిరుపతి పోయి నిన్న రాత్రి వచ్చినాం. పెండ్లికొడుకు జేజి కిటికీ పక్కనే కూర్చునింది. కడప దాటినాక కొండలు మొదలైనప్పటి నుంచి అద్దానికి ముఖం ఆనించి చూస్తానే ఉండింది, కర్టెన్ వేయనియ్యలేదు. దిగేటప్పుడు పెండ్లికొడుకు నాయన ఇంకో బేరం మాట్లాడినాడు, వచ్చే నెల మంత్రాలయం. ఎర్రగుంట్ల దగ్గర ముందర అద్దం కింద కొంచెం బూడిద పట్టింది, తాడిపత్రి అన్న చెప్పినట్ల గాలి కొట్టించి దులిపినాకనే తడిపినా.

తాడిపత్రి_బండలు
పెచ్చు కట్టిందా, లేదా?

రుద్రంపేట_ట్రావెలర్
లేదన్నా. నున్నగా ఉంది.

శెనక్కాయ_రైతు
స్ప్రేయర్లో మిగిలిన నీళ్లు పారబోసి తలకిందులుగా పెట్టు, లేకుంటే నాజిల్లో పాచి పడతాది.

కెమిస్ట్రీ_మేడం
మూడో అద్దానికి సీరియం పొడి పట్టించాక ముందూ వెనకా ఫోటోలు ఇక్కడ పెట్టండి. మా ఇంటి కిటికీకీ అదే చేయాలి.